అపసవ్యం మిగిలిపోయిన దిష్టి

పాలు పొంగే వేళకు ఇల్లు ఒక పొర పక్కకు జరుగుతుంది. గోడలు వెంట్రుకవాసి ఒరుగుతాయి. వంటింటి నుంచి హాలుకు వెళ్ళే నడవ రెండుగా చీలుతుంది. వకుళ స్టవ్ ఆపి, గట్టు తుడిచాకే అటు చూస్తుంది. తుడవకపోతే చీమలు పడతాయి.

తప్పు ఆవిడదే. భర్త కామేశం లోహాలను చల్లబరిచే ప్రయోగశాలలో పనిచేస్తాడు. క్యారియర్ అడుగుగిన్నెలో ఒక స్ఫటికం తెస్తే, పటిక కాబోలనుకుంది. కొన్నాళ్ళుగా చిక్కిపోతున్న మనిషికి దాంతోనే దిష్టి తీసింది. ముమ్మారు సవ్యంగా తిప్పింది. అపసవ్యంగా తిప్పబోయేంతలో పాలు పొంగాయి. స్ఫటికంలోని చలి ఇంటికి పట్టింది.

ఇప్పుడు కామేశం ఒక నడవలో సవ్యంగా బొంగరంలా తిరుగుతున్నాడు. వకుళ రెండోదానిలో అపసవ్యంగా తిరుగుతోంది, కుచ్చిళ్ళు చెదరకుండా.

"చల్లబడితే లోహంలో పొర జరుగుతుందని చెప్పానా," అంటాడు కామేశం. "అందాకా ఎలక్ట్రాన్లు ఎటు తిరిగేవైనా ఒకే దారిన పోతాయి. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళదే."

"మీరు చెప్పింది లోహం గురించండీ."

"ఇల్లు మాత్రం పొరలు కాదూ?"

ఇన్నేళ్ళూ ఒకే గదిలో ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఆయన తిరుగుడుకు ఈవిడ తిరుగుడు చెల్లు. ఆ ఇంట్లో చప్పుడే వినపడదని పక్కింటివాళ్ళు మెచ్చుకునేవారు. దారులు చీలాక, చుట్టుకోసారి ఆయన ముఖం కనిపిస్తోంది. కనుబొమలు నెరిశాయి. ఎప్పుడు నెరిశాయో ఆవిడకు తెలియదు.

ఆయన నడవ మెల్లగా గోడెక్కి, బయటి గోడమీద విల్లులా వంగుతోంది. ఆ వంపు తిరిగి ఇంట్లోకి రాదు. ఆయన మడమలప్పుడే గోడమీద ఉన్నాయి.

మిగిలిన మూడు అపసవ్యం చుట్లూ తిప్పేయనా అని అడుగుతుంది. వద్దంటాడు. తిప్పినా ఆగదట, తిరుగుడు ఆగిన ఎలక్ట్రాన్ అంటూ ఉండదట. ఇల్లు వేడెక్కితే చాలట, దారులు కలుస్తాయట.

"కలిస్తే మళ్ళీ వీపులేగా," అంటుంది వకుళ.

ముఖం మళ్ళీ ఇటు తిరిగినప్పుడు, "అయితే ఇప్పుడే చూసుకో," అంటాడు.

చూసుకుంటుంది. ఇంకో చుట్టు కూడా చూడాలనిపిస్తుంది కానీ, ఆయన మోకాళ్ళు గోడ దాటుతున్నాయి. తిరుగుతూనే వంటింట్లోకి వెళ్ళి, స్ఫటికాన్ని పాలల్లో వేసి స్టవ్ వెలిగిస్తుంది. ఈసారి పొంగినా ఆపదు.

గోడలు నిటారవుతాయి. రెండు నడవలూ ఒకటవుతాయి. ఆయన వెనక్కి నడుచుకుంటూ వస్తాడు. ఆవిడా అలాగే వెళుతుంది. వీపుకు వీపు తగిలి, గొళ్ళెం పడినట్టు చిన్న చప్పుడవుతుంది. ఆ తర్వాత ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

ఇద్దరికీ కలిపి నేలమీద ఒక్కటే నీడ పడుతుంది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. అది లేచి, ఆయన చెప్పు ఒకటి, ఆవిడ చెప్పు ఒకటి తొడుక్కుని, దిష్టి తీసిన స్ఫటికమున్న పాలగిన్నెను వెనక్కి చూడకుండా పారబోయడానికి నాలుగు వీధుల కూడలికి బయలుదేరుతుంది.