తెర వెనక ఊఁ

మేం సెలవులకి బయల్దేరిన ఇల్లులాంటి బండి, కారవాన్‌లో మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేసే పని నాది. ఎవరూ అప్పగించలేదు. దక్షిణాన డ్రామెన్ ఊళ్ళో బయల్దేరిన మర్నాడు పొద్దున, "ఇది నిండినట్టుందే" అని మా అత్తగారు ఓస్‌లౌగ్ గాల్లోకి ఒక మాట వదిలారు. "తూరున్, కాస్త చూస్తావా?" అన్నాడు మా ఆయన ఐవిన్, స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండానే. ఊఁ అన్నాను. అంతే, ఉత్తరపు కొసదాకా అది నా నెత్తినే ఉంది.

ఊఁ అనడం నాకు ఊపిరి తీసినంత తేలిక. కాఫీ ఉందా, ఊఁ. నా నీలం స్వెట్టరు పెట్టావా, ఊఁ. "మా కోడల్ని ఏదడిగినా కాదనదు" అని అత్తగారు ఊరంతా గొప్పగా చెప్పుకుంటారు. ఏడాది పొడుగునా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి చేస్తాను. సెలవు పెట్టినవాళ్ళ పని ఎవరు చేస్తారంటే అక్కడా నా ఊఁ ముందుంటుంది. నా సెలవులంటే అదే పని చక్రాల మీద చెయ్యడం. చేప వడలు వేయించేది నేనే, తడిసిన మేజోళ్ళు ఆరేసేది నేనే. పైగా ఈ ఉత్తరాన వేసవిలో సూర్యుడు అస్తమించడు. చీకటి పడితేనన్నా "పొద్దున చూద్దాంలే" అనొచ్చు. పొద్దే గూకని చోట ఏ పనినీ రేపటికి నెట్టలేం. "ఇంకా వెలుగుందిగా, రెండు వాఫుల్స్ వెయ్యరాదూ" అంటాడు ఐవిన్, తనకి నిద్ర పట్టకపోతే.

ఆర్కిటిక్ వలయం దాటినప్పటినుంచీ నాకేదో తేడాగా ఉంది. అక్కడ గుర్తుగా పాతిన రాయి దగ్గర ఫోటో తీశాను. తీసింది నేనే కనక అందులో నేను లేను, వింతేమీ కాదు. "కుటుంబమంతా ఎంత బాగా పడ్డామో" అని అత్తగారు దాన్ని చుట్టాలందరికీ పంపారు. ఆ సాయంత్రం బస దగ్గర ఎంతమందని అడిగితే ఐవిన్ "ముగ్గురం" అన్నాడు. మా అమ్మాయి మారెన్ కూడా సరిదిద్దలేదు. బల్ల మీద మూడే కప్పులు పెట్టుకుని తాగేశారు. నవ్వుకున్నాను గానీ, తరవాత కిటికీ అద్దంలో నా మొహం ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. పల్చగా ఉంది.

వాడ్సో ఊరు దాటాక సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొచ్చింది. మనుషులెవరూ ఉండని ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఐవిన్ డీజిలు పట్టిస్తున్నాడు. నానమ్మా మనవరాలూ లోపల పేకాట. బండిలో వెనక నా పడకకి అడ్డంగా వేసిన తెర అలాగే వదిలేసి, పెట్టె ఈడ్చుకుంటూ బంకు వెనకాల గుంట దగ్గరికి వెళ్ళాను. పారబోసి, కడిగి, మూత బిగించి చూసేసరికి కారవాన్ కదులుతోంది. అరిచాను. నా అరుపు ఆ మంచులో నాకే వినపడలేదు. బండి వెనక ఎర్రదీపాలు రెండూ మాయమయ్యాయి.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఇక్కడ వెలుగుని చూసి వేళ చెప్పలేం. ఒక రెయిన్‌డీర్ పొగమంచులోంచి వచ్చి, నన్ను కిందనుంచి పైదాకా తీరిగ్గా చూసింది. ఎన్నాళ్ళకో ఒకరు నన్ను చూశారు. ఏడుపొచ్చింది. నేల మీద నా నీడ లేదు. పొగమంచు కదా, ఆ జంతువుకీ లేదులే అని సర్దిచెప్పుకున్నాను.

చివరికి కారవాన్ తిరిగొచ్చింది. దిగిన ఐవిన్ నేరుగా పెట్టె దగ్గరికి నడిచాడు.

"అమ్మయ్య, పెట్టె ఇక్కడే ఉంది" అని లోపలికి కేకేశాడు. అప్పుడు నన్ను చూశాడు. "నువ్విక్కడేం చేస్తున్నావ్?"

అత్తగారికి అర్జెంటైందట. వెళ్ళి చూస్తే పెట్టె లేదట. దాని కోసం వెనక్కి తిప్పారట. నేను లేనని తెలీలేదా అని అడిగితే, తెర వెనక పడుకున్నావనుకున్నాం అన్నాడు.

మారెన్ మెట్టు మీద నిలబడి ఉంది. దాని మొహం పాలిపోయింది.

"పడుకునే ఉన్నావమ్మా. నాన్న కాఫీ ఉందా అని అడిగితే తెర వెనకనుంచి ఊఁ అన్నావు. నానమ్మ కూడా వింది."

అత్తగారు లోపలినుంచి అవునన్నారు.

పెళ్ళయిన ఈ పదహారేళ్ళుగా నేనన్న ఊఁలన్నీ కలిసి మనిషంత అయి ఆ పక్క మీద పడుకున్నాయా అనిపించింది. భయం వేసింది. ఆ వెంటనే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ప్రాణం హాయిగా అనిపించింది.

తలుపు పక్క కొక్కేనికున్న నా సంచి తీసుకున్నాను. మారెన్‌ని దగ్గరికి తీసుకుని, ఇంట్లో కలుద్దామన్నాను. నిన్నెవరేమడిగినా ముందు ఆలోచించుకుని అప్పుడు చెప్పు అన్నాను. పెట్టె ఐవిన్ చేతిలో పెట్టి, రోడ్డు పక్క బస్సు ఆగే చోటికి నడిచాను.

"వేళాకోళమాడకు, తూరున్. వంటా కాఫీ, ఇదంతా ఎవరు చూస్తారు?" అన్నాడు ఐవిన్.

"లోపలుందిగా, ఊఁ అన్న ఆవిడ. ఆవిడనడుగు."

ముగ్గురూ తెరవైపు తిరిగారు. అది కొంచెం కదిలింది, గాలికో మరి దేనికో. బస్సు వచ్చేదాకా తెరిచున్న తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. ఆ తెర తీసి చూసే ధైర్యం ఒక్కరూ చెయ్యలేదు.