సగంలో ఆగిన క్లచ్

…కాదు నాన్నా, క్లచ్చే, అంటాడు మా అబ్బాయి, కేబుల్ కొత్తది వేయించాను కదరా, గేర్‌బాక్సే పోయింది, అంటారు ఈయన, పొద్దున్నుంచీ ఇదే పాట, మధ్యలో ఆ పాత కారు నోరు తెరుచుకుని నిలబడింది, దానికి నాకన్నా కీళ్లనొప్పులెక్కువ, నన్ను బస్సెక్కించండర్రా, అని అత్తయ్య గుమ్మంలోంచి నవ్వుతోంది, నాకు నవ్వు రావడం లేదు, రేపు నలుగురం ఈ కారులోనే కొండదారెక్కి మా తమ్ముడింటికి వెళ్లాలి, ఒకపక్క బండరాళ్లు, ఒకపక్క లోయ, మొన్న వంతెన మీద ఆగినప్పుడు మళ్లీ గేరు పడలేదు, కర్రుమంది, వెనక లారీ మీద మీదకొచ్చేస్తూ హారన్ కొడుతుంటే ఈయన చెవుల వెనక చెమట, నా చేతులు రెండూ సీటుని పట్టుకుని, అదే కొండ మీదయితే, వద్దు, అది ఆలోచించకూడదు.

ఇంజను ఆపితే గేర్లన్నీ హాయిగా పడుతున్నాయి, ఆన్ చేస్తేనే గొడవ, అంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు, అమ్మా, నువ్వు కూర్చుని తొక్కు, నేను చూస్తాను, అన్నాడు వాడు, కూర్చున్నాను, నాకు నేర్పింది ఈయనే, నేలకి తాకేదాకా తొక్కు, సగం తొక్కి గేరేస్తే పళ్లరిగిపోతాయి, అని ఎంత కసిరేవారో, ఇంజను ఆన్ చేసి తొక్కాను, ఒకటి, రెండు, రివర్స్, చప్పుడే లేదు, మెకానిక్ నడిపినప్పుడూ ఇంతేనట, చూశావా, నీకు భయపడుతోంది, నాలాగే, అన్నారు ఈయన, లే, నేను చూపిస్తాను, అని కూర్చున్నారు, కర్రు.

తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డాను కాబట్టి కనిపించింది, పెడల్ సగంలోనే ఆగిపోయింది, పూర్తిగా తొక్కండి, అన్నాను, తొక్కానుగా, నేల దాకా, అన్నారు విసుగ్గా, అబద్ధం కాదు, ఆయన నిజంగానే తొక్కాననుకుంటున్నారు, పోయిన వారం మెట్ల మీద ఎడమ చెప్పు జారిపోతే వట్టి కాలితో గేటు దాకా వెళ్లిపోయారు, నేను పిలిచి చెబితే నవ్వారు, నేనూ నవ్వాను, ఎలా నవ్వాను, టీవీ చూస్తూ తొడ పిసుక్కోవడం, తిమ్మిరిలే అనడం, ఈ కాలితోనే రోజూ ఆఫీసుకి, ఆ ట్రాఫిక్‌లో, ఈ కాలే బ్రేక్ మీదుంటే, ఎడమ కాలు కదా, బ్రేక్ కుడికాలిది, హమ్మయ్య, ఛీ, దానికి కూడా సంతోషమా, కుడికాలికీ వస్తే, చేతికి వస్తే, ఇది కాలితో ఆగేదేనా.

వంగి ఆయన పాదం మీద చెయ్యేశాను, గట్టిగా నొక్కాను, ఏమండీ, తెలుస్తోందా, అన్నాను, ఏం తెలియాలి, అన్నారు, పైకెత్తిన బానెట్ వైపు చూస్తూ, బానెట్ దగ్గరున్న వాడి మొహంలో నవ్వు ఆగిపోయింది, అత్తయ్య గుమ్మం పట్టుకుని లేచింది, ఇన్నాళ్లూ ఈ కారు మొరాయిస్తోందనుకున్నాం, పాపం దానికేమీ కాలేదు.

ఇంజను ఆపేశాను, తాళాలు నా కొంగుకి కట్టుకున్నాను, రేపు తమ్ముడింటికి వెళ్లడం లేదు, ఆస్పత్రికి వెళ్తున్నాం, బండి నేను నడుపుతాను, అన్నాను అందరికీ వినబడేలా, మెల్లగా.