బొజ్జన్న మోటారు

మా పక్కింటి అన్నదమ్ములు కొన్న ఆ మాట్లాడే డబ్బా మీద నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. చేత్తో స్విచ్ వేస్తే అయిపోయే పనికి నోటితో బతిమాలుకోవడం ఏమిటని ఆరోజే అడిగాను. నా మాట ఎవరు వింటారు? నేను గోడ పక్కన బట్టలు కుట్టుకునే కౌసర్‌ని. వాళ్లేమో మైదుకూరులో పసుపు అమ్మి, ఆ ఏడు మంచి రేటు వస్తే ఇంటికి స్మార్ట్ సామాన్లు బిగించుకున్నవాళ్లు.

స్మార్ట్ ఇల్లు అంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. ఒకే ఆవరణలో నడుమ గోడ పెట్టి పంచుకున్న రెండు ఇళ్లు. ఇటువైపు అన్న బొజ్జన్న, ఆయన భార్య ఓబులమ్మ. అటువైపు తమ్ముడు మారెన్న, అతని భార్య శివలీల. మా ఊళ్లో నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి, అదీ గంటసేపు. మోటారు పెట్టి లాగితేనే మిద్దె మీది ట్యాంకుకు ఎక్కుతాయి. మాకు మోటారు లేదు కాబట్టి నేను వీధి కుళాయి దగ్గర బిందెలు వరసపెట్టి, ఇరుగుపొరుగుతో నాలుగు మాటలు అని, నాలుగు మాటలు పడి నీళ్లు తెచ్చుకుంటాను.

వాళ్లకు రెండు మోటార్లు, రెండింటికీ కలిపి ఒక డబ్బా. డబ్బా పేరు మిత్ర. ఇంటికొకటి ఎందుకు దండగ అని బొజ్జన్న ఒకటే కొనిపించి, నడుమ గోడకు అటూ ఇటూ తెరిచిన గూడు కొట్టించి, రెండువైపులా వినబడేట్టు అందులో పెట్టించాడు. బిగించినవాడు టౌన్లో కరెంటు షాపున్న చాంద్. ఏ మోటారు ఎవరిదో తెలియాలి కదా, ఒకదానికి ‘బొజ్జన్న మోటారు’ అనీ, ఇంకోదానికి ‘మారెన్న మోటారు’ అనీ పేర్లు పెట్టాడు. అన్నదమ్ములు మురిసిపోయారు. పాత స్విచ్చులు పీకేసి, వైర్లన్నీ ఇనుప పెట్టెలోకి తోసి తాళం వేశారు. తాళంచెవి బొజ్జన్న మొలతాడుకు వేలాడుతూ ఉంటుంది. తమ్ముడిని నమ్మడని కాదు, ఆయన ఎవరినీ నమ్మడు.

మొదట్లో మిత్ర ఎవరు చెప్పినా వినేది. బడి వదిలాక పిల్లలు గోడ మీదినుంచి “మిత్రా, బొజ్జన్న మోటారు ఆన్ చెయ్” అని అరిచి పరిగెత్తేవాళ్లు. నీళ్లు లేని మోటారు గరగరమని తిరిగి తిరిగి ఒకసారి కాలిపోయింది కూడా. అప్పుడు చాంద్ మళ్లీ వచ్చి, ఇంట్లో ఉన్న నలుగురి గొంతులు తప్ప ఇంకెవరి గొంతు విన్నా పలకకుండా చేశాడు. అందుకు ఒక్కొక్కరూ కొన్ని మాటలు చెప్పాలట. “ఈ రోజు వాతావరణం ఎలా ఉంది అని అను పెద్దమ్మా” అని చాంద్ అడిగితే ఓబులమ్మ, “ఎండగానే ఉంటాది. దాన్నడిగేదేముండాది?” అంది. చివరికి ఆమె చేత ఆ మాటలు అనిపించేసరికి చాంద్‌కు చెమటలు పట్టాయి.

అంతా బాగానే ఉంది కానీ ఒక సంగతి మగవాళ్లు ముగ్గురికీ తట్టలేదు. మా పక్క ఆడవాళ్లు భర్త పేరు పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెద్దవాళ్లు చెప్పారు. నేనూ అంతే. మా ఆయనను ‘ఇలియాస్ అబ్బా’ అంటాను. ఎక్కడైనా పేరు చెప్పమంటే పక్కనున్నవాళ్ల మొహం చూస్తాను. మరిది పేరు పలకవచ్చు, తప్పులేదు. భర్త అన్నగారి పేరు మాత్రం పలకకూడదు. అది భర్త పేరు పలకడం కన్నా పెద్ద తప్పు. నీళ్ల రోజున ఎప్పుడూ అన్నదమ్ములే గూటి ముందు నిలబడి, తమ పేర్లు తామే గట్టిగా చెప్పుకుని మోటార్లు వేసుకునేవాళ్లు కాబట్టి ఈ ఇబ్బంది ఇన్నాళ్లూ బయటపడలేదు.

తోడికోడళ్లకు మాటలు లేవన్నది ఇంకో సంగతి. రెండేళ్ల కింద ఒక పెళ్లిలో శివలీల చేసిన బొరుగుల ఉగ్గాని ఓబులమ్మ తిని, నానిన అట్టముక్క మాదిరి ఉందని నలుగురిలో అంది. శివలీల ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడలేదు. ఇద్దరూ ఏమైనా అనుకోవాలంటే మిత్రకు చెబుతారు. “మిత్రా, కొందరికి ఊడ్చిన చెత్త యాడ వెయ్యాల్నో తెలీదు” అని ఇటునుంచి ఓబులమ్మ. “మిత్రా, కొందరికి కండ్లు పక్కింట్లోనే ఉంటాయి” అని అటునుంచి శివలీల. “క్షమించండి, నాకు అర్థం కాలేదు” అని మిత్ర. నాకు మాత్రం అంతా అర్థమయ్యేది.

ఇక జరిగింది చెబుతాను. శివలీల కూతురు సాహితికి మొదటి కొడుకు. వాడి పుట్టువెంట్రుకలు తీసి ఊరికి విందు పెట్టాలనుకున్నారు. సాహితి అత్తగారివాళ్లు కడప నుంచి మందిని వేసుకుని వస్తున్నారు. విందు రేపనగా అన్నదమ్ములిద్దరూ పొట్టేళ్లు కొనడానికి తెల్లవారే ఆత్మకూరు దాటి నల్లమల అంచు ఊళ్లకు వెళ్లారు. నీళ్లు రేపు పొద్దున్నే వస్తాయి, వచ్చేటప్పటికి మేముంటాం అని చెప్పి వెళ్లారు.

పది గంటలప్పుడు నీళ్లు వదిలే మాబాషా బండి మీద వీధిలో కేక వేసుకుంటూ వచ్చాడు. “నీళ్లు ఈపొద్దే ఇడిసినాం. రేపటినుంచి పైపులు మారుస్తాండారు. ఇంగెప్పుడొస్తాయో మాకే తెలీదు.”

నేను బిందెలతో వీధిలోకి పరిగెత్తాను. పట్టినన్ని పట్టి ఇంట్లో దింపేసరికి శివలీల గొంతు వినిపించింది. వాళ్ల పెరట్లోకి వెళ్లి చూస్తే, గూటి ముందు చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. ట్యాంకులో చుక్క లేదు. ఇల్లంతా కడగడానికి ఉన్న నీళ్లన్నీ పొద్దున్నే వాడేసింది.

“మిత్రా, మా మోటారు ఆన్ చెయ్.”

“మీకు రెండు మోటార్లు ఉన్నాయి. దయచేసి ఏ మోటారో పేరు చెప్పండి.”

“మా ఆయనది.”

“క్షమించండి, ఆ పేరుతో మోటారు లేదు.”

“సాహితి వాళ్ల నాయనది.”

“సాహితి అనే పేరుకు అర్థం తెలుసుకోవాలనుకుంటున్నారా?” అని మిత్ర ఏదో చదవడం మొదలుపెట్టింది. శివలీల నోరు మూసుకోమంటే మూసుకుంది. కుడిపక్కది అంది, చిన్నది అంది, నీలం రంగుది అంది. అది మాత్రం పేరు చెప్పమని మర్యాదగా అడుగుతూనే ఉంది. అంత మర్యాద చూస్తే నాకు ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది.

“ఒకసారి ఆ పేరు చెప్పేస్తే పోతాది గదా శివలీలా” అన్నాను.

“నువ్వు చెప్తావా కౌసరక్కా, మీ ఆయన పేరు? రేపు మనవనికి శుభకార్యం పెట్టుకొని, ఈపొద్దు ఆయన ఆయుష్షుతో ఆటలాడమంటావా?”

గొంతు సన్నం చేసి, శివలీల మాదిరిగా నేనే మారెన్న మోటారు ఆన్ చెయ్యమని చెప్పి చూశాను. నా గొంతు గుర్తుపట్టలేకపోయానంది. అన్నదమ్ములకు ఫోన్ చేస్తే అడవిలో సిగ్నల్ లేదు. చాంద్‌కు చేస్తే, “మోటారు పేరు మార్చాలన్నా వాళ్ల ఫోన్లే ఉండాల అక్కా. ఆ ఇనుప పెట్టె మీద మాత్రం దెబ్బ వెయ్యొద్దు, లోపలంతా కరెంటే” అన్నాడు. అంత తెలివైనవాడికి పేరు పెట్టేటప్పుడు వాళ్లమ్మ ఏనాడూ నాన్న పేరు పలకలేదని గుర్తుకు రాలేదు.

గూటికి అవతలి వైపు ఓబులమ్మ కూడా వచ్చి నిలబడింది. ఆమె ట్యాంకూ ఖాళీనే. రెండు పాడి గేదెలకు నీళ్లు పెట్టాలి. “మిత్రా, ఇంటాయన మోటారు ఏసుకో” అంటోంది. ఇటునుంచి శివలీల “మిత్రా, మాది, మాది” అంటోంది. ఇద్దరి మొహాలకూ నడుమ ఆ డబ్బా పచ్చగా మెరుస్తూ, “ఒకేసారి ఇద్దరు మాట్లాడుతున్నారు. దయచేసి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి” అంది. ఈ రెండేళ్లలో వాళ్లకు ఆ మాట చెప్పిన మొనగాడు అదొక్కటే.

అప్పుడు నాకు తట్టింది. మారెన్న నిక్కరు వేసుకునే వయసులో ఓబులమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. మరిదిని పేరుపెట్టే పిలుస్తుంది, ఒరేయ్ అని కూడా అంటుంది.

“ఓబులక్కా, నీకేం అడ్డం? చిన్నాయన పేరు నువ్వు చెప్పొచ్చు గదా” అన్నాను.

“చెప్పొచ్చు. ఎందుకు చెప్పాల?” అంది ఓబులమ్మ, నాకు చెబుతున్నట్టు. “ఊరందరికీ బొట్టు పెట్టి పిలిసినారు. పక్కింటికి రాలే. పిలుపు లేని కార్యానికి నేనెందుకు నీళ్లు తోడాల?”

శివలీల తల వంచుకుంది. కుళాయి సగం జోరు తగ్గిందని వీధిలో ఎవరో అంటున్నారు. రేపు వియ్యంకుల ముందు చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేని విందు జరిగితే, సాహితి ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఆ మాట పడాలో మా ముగ్గురికీ తెలుసు. శివలీల కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అక్కా” అంది గూట్లోకి చూసి. మిత్రను కాదు, ఆమెనే. “పిలవకపోయింది నా తప్పే. నా మీద కోపం నా మీదనే పెట్టుకో. సాహితి తల వంచుకునేట్టు చెయ్యొద్దు.”

ఓబులమ్మ కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత విసురుగా, “మిత్రా, మారెన్న మోటారు ఆన్ చెయ్” అంది. “సరే, మారెన్న మోటారు ఆన్ చేస్తున్నాను” అంది మిత్ర. మోటారు గుయ్యిమని అందుకుంది. “ఆ పిల్లను రెండేండ్లు సంకనేసుకొని తిప్పింది నేను. దాని తల వంచేదాన్నా?” అని కొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగింది.

“అక్కా, మరి నీ మోటారు?”

“నా మోటారు పేరు చెప్పేదానికి ఈడ ఎవురుండారు? నీ కార్యం కానీ. గేదెలను చెరువు కాడికి తోలుకపోతా.”

చెరువులో నీళ్లు లేవు. మూడు నెలలుగా లేవు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, శివలీలకూ తెలుసు.

శివలీల గూటి దగ్గరికి జరిగింది. “మిత్రా, బావగారి మోటారు ఆన్ చెయ్.” ఆ పేరుతో మోటారు లేదంది. “పెద్దబావగారి మోటారు.” లేదంది. గారు తగిలిస్తే దానికి మనిషి ఆనడు, అదేం చదువో. శివలీల కొంగు తల మీదికి లాక్కుంది, గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుని, గొంతులోనే గొణిగింది.

“సరిగా వినబడలేదు. దయచేసి కొంచెం గట్టిగా చెప్పండి” అంది మిత్ర.

నేను దాన్ని ఒక బూతుమాట అన్నాను. నా గొంతు గుర్తుపట్టలేదు కాబట్టి బతికిపోయింది.

“మిత్రా, బొజ్జన్న మోటారు ఆన్ చెయ్” అంది శివలీల గట్టిగా. వీధిలో బిందెలు పట్టుకున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. రెండో మోటారు కదిలింది. శివలీల అక్కడే చతికిలబడి, రెండు చెంపలూ వాయించుకుంది.

“ఊరుకో, ఊరుకో” అంది ఓబులమ్మ గూట్లోంచి చెయ్యి చాపి. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. “నువ్వు మోటారు పేరు చెప్పినావు, మనిషిది గాదు. దేవునికి ఆ మాత్రం తెలీదా?”

ట్యాంకులు రెండూ నిండేలోపే శివలీల కుంకుమ భరిణె తీసుకుని గోడ చుట్టూ తిరిగి వెళ్లింది. బొట్టు పెట్టేటప్పుడు తొందరలో సగం కుంకుమ ముక్కు మీద పడింది. అట్లాగే ముక్కుమీది కుంకుమతోనే ఓబులమ్మ ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. నేనూ మిషన్ మూసేసి వాళ్లతో పాటు కూర్చున్నాను.

పొద్దు వాలే వేళకు అన్నదమ్ములు పొట్టేళ్లతో దిగారు. దిగీ దిగగానే బొజ్జన్న ఫోన్ పట్టుకుని మా ముందుకొచ్చాడు. దారిలో సిగ్నల్ రాగానే మోటారు వేసిన సంగతి ఫోన్‌కు వచ్చిందట.

“నా మోటారు ఎవురేసినారు? నోటితో చెప్పి ఏసినట్టుండాది దీంట్లో. పేరు చెప్పకుంటే అది కదల్దు గదా. ఎవురు చెప్పినారు?”

శివలీల చేతిలో కత్తి ఆగిపోయింది. మిత్ర వినేది నాలుగు గొంతులే. అందులో రెండు అడవిలో ఉన్నాయి. మిగిలింది భార్య, కాకపోతే తమ్ముడి భార్య. తమ్ముడి భార్య తన పేరు పెట్టి వీధికి వినబడేట్టు అరిచిందంటే ఆయన రేపటి విందులో కూర్చునే మనిషి కాదు. మారెన్న కూడా ఆ వైపే చూస్తున్నాడు.

“నేనే” అంది ఓబులమ్మ, ఉల్లిపాయ మీదినుంచి తల ఎత్తకుండా.

“నువ్వా?”

“నేనే. గేదెలు నీళ్లకు అల్లాడుతాంటే ఏం జెయ్యమంటావు? చెప్పిన.”

బొజ్జన్న నిలబడిపోయాడు. కోపం వస్తుందని చూశాను, రాలేదు. మమ్మల్ని ఒకసారి చూసి, తమ్ముడిని పొట్టేళ్లను కట్టెయ్యమని పంపి, ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. నా చెవులు చురుకైనవని ఆయనకు తెలియదు.

“ముప్పై ఏండ్లాయె. ఒక్కసారన్నా నీ నోట ఇనలే” అన్నాడు మెల్లగా. “ఎట్ల చెప్పినావో, ఇంగోసారి చెప్పు.”

ఓబులమ్మ చెవులదాకా ఎర్రబడింది. “మళ్లా నీళ్లొచ్చినపుడు చెప్తాలే. పో, పోయి కాళ్లు కడుక్కో.”