రెబ్కా చెప్పిన సాక్ష్యం

లిడియాకు ఇంకా నాలుగు నెలలు గడిస్తే చాలు. పద్దెనిమిది నెలలపాటు మత్తు ఇంజెక్షను ముట్టలేదని తేలితే, నర్సు రిజిస్ట్రేషను మీద మచ్చ పడకుండా కమిటీ ఫైలు మూసేస్తుంది. అలాంటి ఫైలొకటి ఉందని కూడా లోకానికి తెలియదు.

గుంటూరులో ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొదలైందా అలవాటు. పన్నెండు గంటలు చేసిన మనిషినే ఇంకో పన్నెండు గంటలు నిలబెట్టేవారు. నడుము విరిగిపోయేది. ఆపరేషను అయ్యాక సీసా అడుగున మిగిలిన నొప్పి మందు పారబొయ్యాలి. ఒకరోజు పారబొయ్యలేదు. ఆ ఒక్కరోజు ఏడు నెలలైంది. పట్టుబడ్డాక జైలే అనుకుంది. కానీ ఇలా పాడైన డాక్టర్లనీ నర్సులనీ గుట్టుగా బాగుచేసే కమిటీ ఒకటుందన్నారు. ఫోను వచ్చిన రోజున ల్యాబుకు పోయి, ఆయా కళ్లముందే మూత్రం పట్టి ఇవ్వాలి. మందుల బీరువా తాళం ముట్టకూడదు. ఏదో ఒక ఆస్పత్రిలో ఉద్యోగంలో ఉండి తీరాలి. సంగతి అక్కడి మేట్రనుకూ, ఇంట్లో ఒకరికీ తప్ప తెలియకూడదు.

చిలకలూరిపేటలో చిన్న ఆస్పత్రి దొరికింది. మేట్రను సిద్దికా మంచి మనిషి. ఇంట్లో ఒకరంటే తల్లి రెబ్కా. వేరే ఎవరున్నారు గనక.

పర్చూరు దగ్గర పల్లె వాళ్లది. రెబ్కా మిరప కోతలకు పోతుంది. పద్నాలుగు నెలలు నోరు కట్టుకుంది. కానీ వాళ్ల చర్చిలో ఒక నమ్మకం ఉంది: దేవుడు చేసిన మేలు గురించి నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పకపోతే, ఆ మేలు నిలవదు. బిడ్డకు మళ్లీ ఎక్కడ తిరగబెడుతుందోనని రెబ్కా లోలోపల కుమిలిపోయింది. ఆ ఆదివారం లిడియా డ్యూటీలో ఉంది. రెబ్కా ముసుగు సర్దుకుని లేచి నిలబడింది.

సోమవారం పొద్దున ఆ చర్చి పెద్ద జయపాల్ జ్వరంతో ఆస్పత్రిలో చేరాడు. లిడియా సెలైను పెట్టబోతే చెయ్యి లాక్కున్నాడు.

"నువ్వొద్దులేమ్మా. ఇంకో పిల్లని పిలువు."

"ఏం అంకుల్, చెయ్యి నొప్పా?"

"నొప్పి మందు ఎవరి ఒంట్లోకి పోతుందో నిన్న మీ అమ్మ చెప్పింది కదా. ఏడుస్తా చెప్పింది పాపం. నా సీసాలోది నా ఒంట్లోకే రావాలి మరి."

పక్క మంచం మనిషి కిసుక్కున నవ్వాడు. మధ్యాహ్నానికి వార్డంతా పాకింది.

సాయంత్రం పెద్ద డాక్టరు పిలిచాడు. రేపటినుంచి రావద్దన్నాడు. పక్క కుర్చీలో ఆయన అల్లుడు డాక్టర్ చైతన్యకృష్ణ ఫోను చూసుకుంటున్నాడు. కిందటి నెల ల్యాబులో లిడియా పక్కనే, అదే బల్ల మీద, మూత్రం పట్టే అలాంటి డబ్బానే పట్టుకుని కూర్చున్న మనిషి. తలెత్తలేదు.

బయటికొచ్చాక సిద్దికా అంది, "నువ్వేం చెప్పకు లిడియా. చెబితే నీకే మూడుద్ది. ఆయన గుట్టు ఇంటి గుట్టు. మన గుట్టుకు ఇల్లేదీ?"

కమిటీకి ఫోను చేస్తే, రహస్యం మీ వైపునుంచే బయటపడింది గదా అన్నారు. నెలలోగా ఇంకో ఉద్యోగం చూపించకపోతే ఫైలు రిజిస్ట్రేషను రద్దుచేసే నర్సుల కౌన్సిలుకు పోతుందన్నారు. మూడు ఆస్పత్రులు తిరిగింది. మూడో చోట పేరు చెప్పగానే, "మీ అమ్మ చర్చిలో..." అని ఆగిపోయారు. గుట్టు దాచుకోవాలంటే గోడలుండాలి, నోరుమూసుకునే చుట్టాలుండాలి. రేకుల పాక వాళ్లకు గుట్టేమిటి!

శుక్రవారం రెబ్కా కోతలనుంచి తిరిగొచ్చేసరికి లిడియా గడపలో కూర్చుని ఉంది.

"ఏమే, నాలుగు రోజులనుంచి చూస్తన్నా. డ్యూటీకి పోవట్లేదేంది?"

లిడియా తల్లి ముఖం చూసింది. ఆదివారంనుంచి ఆ ముఖంలో ఒక తేటదనం. బిడ్డను తానే నిలబెట్టుకున్నానన్న తేటదనం. నిజం చెబితే ఈ మనిషి ఇక బతకదు.

"మళ్లీ పొడుచుకున్నానమ్మా. పట్టుకున్నారు. తీసేశారు."

రెబ్కా కారం మంట తగ్గని చేతులతోనే కూతురి రెండు చెంపలూ వాయించింది.

"దేవుడి ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు గదే. ఏ మొహం పెట్టుకుని పోవాల నేను ఆ గుడికి?"

తర్వాత కూలబడింది. కూతురి చెయ్యి లాగి వెలుగులోకి తిప్పి వెతకసాగింది. మోచేతి మడతలో నల్లటి చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి. ఏవి పాతవో, ఏది కొత్తదో ఆమెకు తెలియడంలేదు.

"ఏదే? ఏదీ, చూపించు."

లిడియా వాటిలో ఒకదాని మీద వేలు పెట్టింది.

"ఇదేనమ్మా," అంది.