ఎండకు అద్దె

పన్నెండింటికి దేముడమ్మ, ఎండతో చేపలు ఆరబెట్టడానికి కంపెనీవాళ్ళు తెచ్చిన అద్దాల పెట్టె మూత ఎత్తేసరికి వేడి ఆవిరి ముఖాన కొట్టింది. పొద్దున్న అందులో పరిచిన రెండు గంపల నెత్తళ్ళు ఎండలేదు, ఉడికాయి. వేలితో ముట్టుకుంటే ముద్దయిపోతున్నాయి. ఈ వారమంతా ఆమె ఇంట్లో పొయ్యి వెలగాల్సింది ఆ చేపలతోనే.

విశాఖ సముద్రపు ఒడ్డున, పక్కనే వేసిన షామియానాలో దేవీప్రసాద్ మైకు పట్టుకున్నాడు. ఈ పెట్టెల కంపెనీకి మధురవాడలో ఏసీ ఆఫీసు తెరిచి రెండేళ్ళు కాలేదు, సూర్యుణ్ణి తానే కనిపెట్టినట్టు మాట్లాడతాడు. "రాబోయే ఇరవయ్యేళ్ళ వ్యాపారమంతా స్వచ్ఛమైన ఇంధనంలోనే ఉంది!" అన్నాడు. మైకుకి కరెంటిస్తున్న డీజిల్ జనరేటరు వెనకాల నల్లగా పొగ కక్కుతోంది. బెస్త ఆడవాళ్ళు చేపలు ఆరబెట్టుకునే ఇసుక తిన్నెను ఎవరికివ్వాలో తేల్చే ఆఫీసరు గురునాథరావు కొబ్బరినీళ్ళు తాగుతూ తలాడించాడు. ఈ ఆడవాళ్ళు ఇన్నేళ్ళుగా చేపలు ఎండబెడుతున్నది దేనితోనో అడగాలన్న బుద్ధి ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికీ పుట్టలేదు.

పెట్టె చెడ్డది కాదు. మొన్న ముసురులో అదే ఆమె సరుకును కాపాడింది. ఇసుక అంటలేదని ఆనందపురం వర్తకుడు కిలోకి రెండు రూపాయలు ఎక్కువిచ్చాడు కూడా. అయితే ఇవాళ ఫొటోల కోసం, దాని వెనకున్న గాలి కంతల మీదుగా కంపెనీ బేనరు బిగించి కట్టారు.

"పొద్దున్నే సెప్పేను కదా బాబూ, బేనరిప్పీమని. గాలాడకపోతే సేప ఎండదు, ఉడికిపోద్ది."

"ఫొటోలయ్యాక తీయిస్తానమ్మా. ముందు ఇక్కడ వేలిముద్ర వెయ్యి." దేవీప్రసాద్ గుమాస్తా చేత ఆమె బొటనవేలికి సిరా పూయించాడు.

పెట్టె బ్రహ్మాండంగా పనిచేసిందని ఆ కాగితంలో ఉంది. ముద్ర పడితే తిన్నె చుట్టూ కంచె వస్తుంది, లోపల నలభై పెట్టెలు. గంపకి ఐదు రూపాయలు అద్దె. ఇసుక మీద ఆరబెట్టడం ఇక కుదరదు.

"ఎండకి అద్దేటి బాబూ? రేపు గాలికి కూడా రసీదు సింపుతారేటి?"

"అభివృద్ధికి అడ్డం పడకమ్మా," అన్నాడు గురునాథరావు విసుగ్గా.

దేముడమ్మ పెట్టె దగ్గరికి నడిచింది. ఉడికిన నెత్తళ్ళు పళ్ళెం నిండా తీసి, ఆయన కొబ్బరిబొండం పక్కన పెట్టింది.

"బెమ్మాండమని రాసేరు కదా, తినండి. మీరు తింతే నాను ఏలిముద్రేత్తాను."

ఆఫీసరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. దేవీప్రసాద్ ఫొటోలవాడికి కెమెరా దించమని సైగ చేశాడు. సూర్యుణ్ణి అమ్మవచ్చిన మొనగాడికి రెండు నెత్తళ్ళు నోట పెట్టే ధైర్యం లేదు.

"పెట్టెలుంచండి, ముసుర్లో పనికొత్తాయి. తిన్నె మాత్రం ఇవ్వం," అని ఆమె బేనరు తాడు విప్పి, కంపెనీ పేరు మీద సిరా వేలు తుడుచుకుంది.

పక్కింటి నూకాలు అంతదాకా గంప నెత్తిన పెట్టుకుని నిలబడే ఉంది. కంచె కోసం పోసిన సున్నం గీతను కాలితో చెరిపి, చేపలను అక్కడే ఇసుక మీద గుమ్మరించింది.