అప్ప ఇచ్చిన ముక్క

నేను ఒక కాలేయపు ముక్కను. పుట్టింది తవిటమ్మ ఒంట్లో. భీమిలి దగ్గర ఎండుచేపలు అమ్ముకునే మనిషి ఆమె. ఆమె తిన్న గంజన్నమైనా, చేపముక్కైనా పేగుల్లో అరిగాక ముందు నా దగ్గరికే వచ్చేది. మనుషులు గుండె మీద ఒట్లు వేస్తారు, కడుపును తిట్టుకుంటారు. మమ్మల్ని మాత్రం చెడిపోతే తప్ప తలుచుకోరు.

ఆమెను అప్పా అని పిలిచే తమ్ముడు పోలయ్యకు కాలేయం పాడై కామెర్లు ముదిరాయి. అప్పుడే నన్ను కోసి అతనికి పెట్టే మాట వచ్చింది.

"కోసీసినాక నాకేటైపోద్ది?" అని డాక్టరమ్మను అడిగింది తవిటమ్మ.

"నీలో మిగిలింది పెరుగుతుంది. అతనికిచ్చిందీ పెరుగుతుంది. ప్రమాదం లేదని మాత్రం చెప్పను."

"అయితే కోసీయండి" అంది. ఆమె గుండె ఎంత జోరుగా కొట్టుకుందో నాలో పారే రక్తానికి తెలుసు.

ఆమె కాలేయంలో సగానికి పైగా భాగమైన నన్ను కోసి మంచునీళ్లలో పెట్టారు. అంత చలి నేనెరగను. ఎవరివో చేతులు పక్కగదికి మోసుకెళ్లాయి, పోలయ్య ఒంట్లో కుట్టాయి. రక్తనాళం మీది పట్టుకారు వదలగానే పేగుల నుంచి వచ్చే రక్తమంతా ఒక్కసారిగా మీదపడింది. నిండు కాలేయం మోయాల్సిన వరద అది. చీలిపోతాననుకున్నాను.

ఆ వరదలోనే పెరగమనే కబుర్లూ ఉన్నాయి. ఏళ్ల తరబడి నిద్రపోయిన నా కణాలు లేచి రెండేసిగా చీలడానికి సిద్ధమయ్యాయి. కానీ దేనితో పెరగాలి? పోలయ్య ఏమీ తినడం లేదు. వాసనకే డోకు. నాలుగు రోజులు గడిచాయి. అతని కండలు కరిగి కొంత సరుకు వచ్చేది. అది చాలేది కాదు.

"తిండి పేగుల్లో పడితే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. అది ముందు కాలేయానికే చేరుతుంది. అదీ, తిండిలోని మాంసకృత్తులూ కలిస్తేనే ఇది పెరిగేది. సెలైన్‌తోనే అంతా కాదు పోలయ్యా" అంది డాక్టరమ్మ. అతను గోడవైపు తిరిగాడు.

ఐదోరోజు పొద్దున తవిటమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు.

"ఏటిరా, కూడు ముట్టట్నేదంట?"

"బయమేస్తందప్పా. కక్కితే లోపల కుట్లూడిపోతాయేమో. అది నీది. నా కాడ సచ్చిపోతే నీకు ఏ మొకం సూపించాల?"

ఆమె ఒళ్లోని గిన్నె మూత తీసింది.

"నాకూ బయమేరా. నీకిచ్చినదాని కన్నా నాకాడ మిగిల్నది సిన్నది. నిన్న రెండు ముద్దలు తిని కక్కీసేను. మల్లీ తిన్నాను."

మెత్తటి అన్నంలో గుడ్డు తెల్లసొన కలిపి ముద్ద పెట్టింది. మూడు ముద్దలు తిన్నాడు. నాలుగోది వద్దన్నాడు. ఆమె చెయ్యి దించలేదు. తిన్నాడు.

కాసేపటికి క్లోమం నుంచి ఇన్సులిన్ వచ్చింది. దాని వెనకే ఆ గుడ్డులోని సత్తువ. నా కణాలు ఒక్కోటీ రెండవసాగాయి. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఈ పెరుగుదల ఆగకపోతే? పెరగమన్నవేవో నాకు తెలుసు. ఆగమని ఎవరు చెబుతారో తెలియదు. మూడో నెలలో నిండు కాలేయమంత అయ్యి ఆగిపోయాను.

ఈ ఒంటికి నేను ఇప్పటికీ పరాయిదాన్నే. ఒంటి కాపలాను అణచే మాత్రలు పోలయ్య మానేస్తే అతని రక్తమే నా మీదికి దండెత్తుతుంది. అతను మాత్ర మింగిన చప్పుడు వినేదాకా రోజూ బిక్కుబిక్కుమంటూనే ఉంటాను.

స్కానింగు రోజున అప్పాతమ్ముళ్లు బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరి కాలేయాలూ నిండుగా పెరిగాయని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. తవిటమ్మ తమ్ముడి చొక్కా మీద, పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది.

"ఇక్కడేనా?"

"అక్కడే అప్పా."

"సల్లగుండు" అంది మెల్లగా.

"అలాగే అప్పా" అన్నాడు పోలయ్య, తననే అనుకుని. ఆమె అతని మొహం వైపు చూడలేదు. చెయ్యి నా మీదే ఉంచి కూర్చుంది.