చల్లారని ఇంజను

వానాకాలంలో ఆ వీధి ఆడవాళ్ళకి బట్టల బెంగ ఉండేది కాదు. ఉతికినవన్నీ బకెట్లో వేసుకుని లాయరు గారి షెడ్డుకి వెళ్ళేవాళ్ళు. అక్కడ పడున్న నల్లకారు బానెట్ మీద పరిస్తే, అరగంటలో ఇస్త్రీ అక్కర్లేనంత సాపుగా ఆరిపోయేవి. మగవాళ్ళ చొక్కాలు బానెట్ నడిమధ్యన, పిల్లల మేజోళ్ళు లైట్ల దగ్గర. తమ సొంత లోపలి బట్టలు మాత్రం ఎవరి కంటా పడకుండా, చక్రాల పక్కన ఒంగి ఆరేసుకునేవాళ్ళు. ఎంత పాత కారు ముందైనా ఆడదానికి మర్యాద తప్పదు కదా.

ఆ కారు కదిలి ఇరవయ్యారేళ్ళయింది. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. సీట్లలో ఎలుకలు తరాల తరబడి కాపురాలు చేశాయి. ఇంజను మాత్రం చల్లారలేదు. అదేం వింత కాదు. ప్రయాణం సగంలో ఆగిన ఇంజను చల్లారదని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

లాయరు గారి మొదటి భార్య పుట్టింటికి వెళ్ళిపోతానని పట్టుబడితే, ఆయనే స్వయంగా ఆ కారులో రైల్వే స్టేషన్‌లో దింపి వచ్చారు. ఆవిడ పుట్టింటికి చేరలేదు, వెనక్కీ రాలేదు. ఎవడితోనో పోయిందన్నారు. ఆ నెలలో ఊళ్ళో మగవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, ఒక్కడూ తగ్గలేదు. అయినా ఆ మాట నిలబడింది. "ఆవిణ్ణి తిరిగి తీసుకొద్దామని బండి ఎదురుచూస్తోంది, పాపం. బండికున్న విశ్వాసం ఆ మనిషికి లేకపోయింది" అనుకునేవాళ్ళు, ఆ బండి మీదే చొక్కాలు తిరగేస్తూ.

ఒక మధ్యాహ్నం లాయరు గారి రెండో భార్య, గొడుగు కూడా ముడవకుండా, ఊరంతా స్పానరక్క అని పిలిచే ఆడ మెకానిక్కు షెడ్డులోకి వచ్చి నిలబడింది. ఆవిడకి సొంత పేరొకటి ఉండే ఉంటుంది. పదకొండేళ్ళలో దాంతో ఎవరికీ అవసరం పడలేదు. అందరికీ ఆవిడ 'రెండో ఆవిడ'.

"అక్కా, మా నల్లకారు లేపగలవా?"

స్పానరక్క కార్బ్యురేటర్ కడుగుతూ తలెత్తలేదు. "ఏమ్మా, బట్టలారట్లేదా?"

రెండో ఆవిడ నవ్వలేదు. "నది అవతల ఆస్పత్రిలో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. పెళ్ళికి ముందు చేసిన పనే. మంగళవారం కల్లా చేరాలి."

"లాయరు గారేమన్నారు?"

"నవ్వారు. భోజనాల దగ్గర, చుట్టాల ముందు. 'షెడ్డులో బండి లేచిన రోజు నువ్వూ లేచి వెళ్దువుగానిలే' అన్నారు."

"గాడిదకి కొమ్ములు మొలిచాక అన్నట్టు."

"అందరూ నవ్వుతుంటే కాగితం ముందు పెట్టాను. ఆయనా సరదాపడి రాసి సంతకం చేశారు." ఆవిడ రవికలోంచి మడత కాగితం తీసింది. "ఎంతమంది మెకానిక్కులొచ్చినా లేవలేదని ఆయన ధైర్యం. నువ్వు ఒక్కసారి చూడక్కా."

స్పానరక్కకి చూడక్కర్లేకుండానే తెలుసు, ఆ బండి ఎందుకు లేవదో. దాని రోటర్ తన ఇంట్లో ఉంది. ప్లగ్గులకి నిప్పురవ్వ పంచే, బొటనవేలంత ముక్క అది. అది లేకపోతే ఎంత బండైనా ఉత్త ఇనుమే. ఆ మోడల్‌కి బజార్లో ఇంకోటి దొరకదు.

ఆమెకి పద్నాలుగేళ్ళప్పుడు, మెకానిక్కయిన వాళ్ళ నాన్న ఒక సాయంత్రం మోకాళ్ళ దాకా తెల్లటి బురదతో ఇంటికొచ్చాడు. భుజాన ఉన్న తాడు కూడా తెల్లగానే ఉంది. లాయరు గారి బండి ఆగిపోతే కట్టి లాక్కొచ్చానన్నాడు. ఎక్కణ్ణుంచో చెప్పలేదు. జేబులోంచి ఒక ముక్క తీసి పౌడరు డబ్బాలో పడేశాడు.

"ఎవరి బండిది నాన్నా?"

"లేవకూడని బండిది."

ఆ డబ్బా అప్పట్నించీ వెచ్చగానే ఉంది. చలికాలం పొద్దున్నే వాళ్ళమ్మ కీళ్ళనొప్పుల వేళ్ళు దానికే ఆనించుకునేది. నాన్న పోయేముందు అల్మారా వైపు చూసి, "నేను నోరు మూసుకున్నానే. అది మూసుకోలేదు" అన్నాడు. అప్పుడు కూడా కూతురు అడగలేదు. ఊళ్ళో అడగనివాళ్ళలో తనూ ఒకతి.

"చూస్తాను" అంది స్పానరక్క.

మర్నాడు బానెట్ మీది బట్టలు తీయించి పని మొదలుపెట్టింది. అన్నేళ్ళు పడున్న ఇంజన్లో పిస్టన్లు బిగుసుకుపోవాలి. ఆ వేడికి ఇవి బిగుసుకోలేదు. చేతి హ్యాండిల్ పెట్టి తిప్పితే నిద్రలో అటు తిరిగి పడుకున్న మనిషిలా మూలిగాయి. ట్యాంకులో పెట్రోలు జిగురులా గట్టిపడితే గోకి కడిగింది. గొట్టాలు, టైర్లు, బ్యాటరీ మార్చింది. ప్లగ్గులు రుద్ది పెట్టింది.

లాయరు గారు కోర్టుకెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి షెడ్డు గుమ్మంలో నిలబడేవారు.

"ఏం స్పానరూ, మగాళ్ళ వల్ల కానిది నీ వల్ల అవుతుందంటావా?"

"మగాళ్ళు బానెట్ దాకా వచ్చి వెళ్ళిపోయారండీ. నేను కింద కూడా దూరాను."

నిజంగానే దూరింది. బండి కింద పడుకుని పైకి చూస్తే, అడుగంతా తెల్లటి మట్టి సున్నం గచ్చులా గట్టిపడి ఉంది. ఎయిర్ ఫిల్టర్ విప్పితే అందులోనూ అదే తెలుపు. స్టేషన్ దారి ఆ రోజుల్నించీ తారు రోడ్డే. ఊరి చుట్టూ తెల్లమట్టి ఉన్నది ఒక్కచోటే, పాడుబడ్డ సున్నపురాయి క్వారీ దగ్గర. తాటిచెట్టు లోతు గొయ్యి, నిండా నీళ్ళు.

గేరు మొదటిదాంట్లో ఉంది. హ్యాండ్ బ్రేకు వదిలేసి ఉంది.

సీట్లు దులుపుతుంటే, పక్క సీటు తలుపుకి లోపలి పిడి కనబడలేదు. అద్దం దించే హ్యాండిల్ కూడా లేదు. విరిగిపోలేదు. ఎవరో ఓపిగ్గా స్క్రూడ్రైవరు పెట్టి విప్పారు. ముందున్న చిన్న అర తెరిస్తే మగవాళ్ళ చేతిరుమాలు మూట, అందులో పిడి, హ్యాండిలు, నాలుగు స్క్రూలు. ఒక్కటీ పోలేదు. ఎంత జాగ్రత్త గల మనిషి!

స్పానరక్క ఆ మూట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తలుపు లోపలి రేకు మీద, పిడి ఉండాల్సిన చోటు చుట్టూ సన్నటి గీతలున్నాయి. గోళ్ళంత సన్నగా.

ఆ రోజు సాయంత్రం లాయరు గారు వచ్చేసరికి స్పానరక్క చేతులు తుడుచుకుంటోంది. ఆయన గొంతు మారిపోయింది. వెన్న రాసినట్టుంది.

"లేస్తుందన్నమాట. మంచిది. మాటంటే మాటే. నేనే స్వయంగా స్టేషన్‌లో దింపుతాను. మొదటావిణ్ణీ నేనే దింపాను." వెళ్ళబోతూ ఆగారు. "లోపల మాత్రం ఏదీ ముట్టుకోకు. పాతబండి పాతగా ఉంటేనే అందం."

ఆదివారం పొద్దున్న రెండో ఆవిడ షెడ్డు మూల తీసిపెట్టిన దుప్పట్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు స్పానరక్క అన్నీ చూపించింది. తెల్లమట్టి, మూట, గీతలు. నాన్న తాడు సంగతి, డబ్బా సంగతి చెప్పింది. చెప్పడానికి ఇరవయ్యారేళ్ళు పట్టింది గానీ, నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

రెండో ఆవిడ గీతల మీద వేలు పెట్టి, తన గోళ్ళతో కొలుచుకున్నట్టు చూసింది. "మా పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఫొటో ఒకటి అలమరలో ఉండేది. చిన్న చేతులు" అంది.

"నువ్వీ బండెక్కకు. నా స్కూటర్ మీద దింపుతా."

"బండి లేచాకే కదా వెళ్ళమన్నది. నేనెక్కకపోతే ఆయనా ఎక్కరు. మళ్ళీ తాళం వేస్తారు. బండికీ, నాకూ." ఆవిడ దుప్పటి మడత పెట్టింది. "అక్కా, లేవగానే ఎటు పోతుందిది?"

"ఆగిన చోటికి పోయి, అక్కణ్ణుంచి మిగిలింది పూర్తి చేస్తుంది. స్టీరింగ్ దగ్గర ఎవరున్నా దానికొకటే. యజమాని నిజం చెప్తే మాత్రం అక్కడికక్కడే చల్లారిపోతుంది. తర్వాత కొత్తబండిలా ఎటు తిప్పితే అటు."

"బండి ఇంటికొచ్చేసింది, ప్రయాణం అయిపోయింది అనుకుంటున్నారాయన."

"బండి గొయ్యి అంచున ఆగిపోతే ఆవిణ్ణి చేతుల్తో తోసి, అయిపోయిందనుకున్నారు. తాడు కట్టి లాక్కొచ్చిన దారి ఇంజను ఎరగదమ్మా. తను తిరిగిందే దానికి దారి. ఆయన దృష్టిలో అది షెడ్డులో ఉంది. దాని దృష్టిలో ఇంకా గొయ్యి అంచునే ఉంది."

రెండో ఆవిడ, "ఆ స్క్రూలు ఇలా ఇయ్యి" అంది. పిడి తనే బిగించుకుంది. నాలుగోది బిగించాక రెండుసార్లు తలుపు తెరిచి మూసింది.

సోమవారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. వీధి ఆడవాళ్ళు బట్టలు చంకన పెట్టుకుని షెడ్డు చుట్టూ మూగారు. స్పానరక్క పౌడరు డబ్బా తీసి, కాలుతున్న రోటర్‌ని గుడ్డతో పట్టుకుని దాని చోట కూర్చోబెట్టింది. మూత క్లిప్పులు నొక్కి, లాయరు గారి వైపు తిరిగింది.

"బానెట్ మీద చెయ్యి పెట్టండి. పనిలో పద్ధతి ఇది, మీకూ తెలుసు. ఆఖరిసారి ఈ బండి ఎక్కడికెళ్ళింది?"

"స్టేషన్‌కి."

"ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి. అందులో అవమానం లేదు."

"స్టేషన్‌కే. ఊరందరికీ తెలిసిందే కదమ్మా!" ఆయన ఆడవాళ్ళ వైపు చూసి నవ్వారు. వాళ్ళూ తలలూపారు.

"మూడోసారి అడుగుతున్నాను. ఇదే ఆఖరు. ఆవిణ్ణి ఎక్కడ దింపారు?"

అంత వానగాలిలోనూ ఆయన అరచేతి కింద బానెట్ సెగ కక్కుతోంది. చెయ్యి తీసేసుకున్నారు. "క్రాస్ ఎగ్జామినేషన్ నా వృత్తి, నీది కాదు. స్టేషన్లో. పక్కకి తప్పుకో."

స్పానరక్క తప్పుకుంది.

రెండో ఆవిడ పక్క సీట్లో కూర్చుని చేతిసంచీని తలుపు పిడికి తగిలించింది. లాయరు గారు ఎక్కుతూ ఆ వైపొకసారి చూశారు. సంచీ తప్ప ఏమీ కనబడలేదు. తృప్తిగా తాళం తిప్పారు.

ఇంజను దగ్గలేదు, నసగలేదు. నిన్న రాత్రి ఆపి పొద్దున్న తీసినట్టు లేచింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కారు గేటు దాటింది. స్పానరక్క రెండో ఆవిడ పెట్టెని తన స్కూటర్ ముందు పెట్టుకుని వెనకే బయల్దేరింది.

పాత టోల్ గేటు దగ్గర దారి చీలుతుంది. ఎడమకి స్టేషను, కుడికి క్వారీ. వెనక అద్దంలోంచి ఆయన చేతులు స్టీరింగుని ఎడమకి తిప్పడం స్పానరక్కకి స్పష్టంగా కనబడింది. కారు కుడికి తిరిగింది. ఎర్రలైట్లు వెలిగాయి, మళ్ళీ వెలిగాయి; కారు వేగం మారలేదు. ఆయన తొందరగా ఏదో అంటున్నారు, ముందు పక్కసీటు వైపు చూసి, తర్వాత బండిని చూసి. బతిమాలుతున్నట్టుంది.

మలుపులో కారు నెమ్మదించినప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. రెండో ఆవిడ గడ్డిలో పడి, దొర్లి, మోచెయ్యి పట్టుకుని లేచి కూర్చుంది. తలుపు దానంతటది మూసుకుంది. ఆయన వైపు తలుపు పిడి లోపల్నించి పైకీ కిందికీ ఆడుతోంది. దాన్ని ఎవరూ విప్పలేదు. అయినా తెరుచుకోలేదు.

కారు తెల్లటి దారి మీద తాపీగా, దారి తెలిసిన బండిలా వెళ్ళిపోయింది.

స్పానరక్క స్కూటర్ ఆపింది. ఇద్దరూ చప్పుడు వింటూ నిలబడ్డారు. అది సన్నబడింది. ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, మళ్ళీ రెండు బారల దూరం నడిచింది. తర్వాత, కాలే పెనం మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించినట్టు, పెద్దగా, పొడుగ్గా ఒక 'స్స్‌స్'. ఆ చప్పుడు వీధిలో బట్టలు మడతపెట్టుకుంటున్న ఆడవాళ్ళ దాకా వినబడింది.

"నడవగలవా?" అంది స్పానరక్క.

"రైలెన్నింటికి?"

టికెట్ కౌంటర్ దగ్గర గుమాస్తా పేరడిగితే రెండో ఆవిడ తన పేరు చెప్పింది. చాలా మామూలు పేరు. ఆవిడే ఒకసారి ఆగి, మళ్ళీ చెప్పింది, గుమాస్తా అడక్కపోయినా.

రైలు కదిలాక స్పానరక్క జేబులో పౌడరు డబ్బా తగిలింది. తీసి చెంపకి ఆనించుకుంది. చల్లగా ఉంది. మామూలు రేకు డబ్బా ఎలా ఉంటుందో అలా. ఆమె స్కూటర్ ఇంటివైపు తిప్పలేదు. పోలీసు స్టేషన్‌కి వెళ్ళి బెంచీ మీద కూర్చుని, మా నాన్న ఆ బండిని ఎక్కణ్ణుంచి లాక్కొచ్చాడో చెప్తాను, రాసుకోండి, అంది. క్వారీ నీళ్ళు తోడడానికి పన్నెండు రోజులు పట్టింది. దొరికినవాళ్ళు ఇద్దరు.

ఆ ఏడు వానలు ఎక్కువ. వీధిలో ఏ ఇంటి బట్టలూ ఆరలేదు. ముక్కిపోయిన వాసన చొక్కాలతోనే మగవాళ్ళు పనులకెళ్ళారు. ఆ సంగతి గురించి ఒక్క ఆడమనిషి కూడా నోరెత్తలేదు.